డేటా సెంటర్లలో లిక్విడ్ కూలింగ్: నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు

చెన్నైలో ఒక డేటా సెంటర్ (ఎన్నో సర్వర్ కంప్యూటర్లు నడిచే భవనం) కూలింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. మా ఊరు కోవూరు పక్కనే. పండక్కి ఇంటికి వచ్చినప్పుడల్లా ఇంజనీరింగ్ పిల్లలు, ఏసీ మెకానిక్‌లు, బోరు కింద వరి పెట్టిన రైతులు, ఆసుపత్రిలో సర్వర్ గది చూసుకునేవాళ్లు ఇవే సందేహాలు అడుగుతున్నారు. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో ఏఐ హబ్ పెడతామని ప్రకటించాక ఫోన్లు ఇంకా పెరిగాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరికి ఏ ప్రశ్న కావాలంటే నేరుగా అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు.

## మొదట వచ్చే అనుమానాలు

కంప్యూటర్‌ని నీళ్లతో చల్లబరచడం ఏంది? కరెంటూ నీళ్లూ ఒకచోట పెడతారా?

నీళ్లు చిప్‌ను తాకవు. చిప్ నెత్తిన ఒక రాగి పలక కూర్చుంటుంది, దాన్ని కోల్డ్ ప్లేట్ అంటారు. దాని లోపల వెంట్రుకంత సన్నటి కాలువలు ఉంటాయి. నీళ్లు ఒక గొట్టంలో వచ్చి, ఆ కాలువల్లో పారి, వేడిని పట్టుకుని ఇంకో గొట్టంలో బయటికి పోతాయి. చీమకుర్తిలో గ్రానైట్ కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పారిస్తారు కదా. అక్కడ ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా చాలదు, కారణం ఇక్కడా అదే. కాకపోతే అక్కడ నీళ్లు బయటికి పారిపోతాయి, ఇక్కడ మూసిన గొట్టాల్లో అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి.

ఇన్నేళ్లూ ఏసీలతోనే నడిచాయి కదా, ఇప్పుడు ఏం కొంప మునిగింది?

చిప్‌ల వేడి పెరిగింది. ఏఐ పనులకు వాడే ఎన్విడియా హెచ్100 చిప్ ఒక్కటే 700 వాట్లు తీసుకుంటుంది. అదే కంపెనీ జీబీ200 ఎన్‌వీఎల్72 ర్యాక్‌లో (సర్వర్లు పేర్చే బీరువా) 72 జీపీయూలు, అంటే ఏఐ లెక్కలు చేసే చిప్‌లు, ఉంటాయి, ర్యాక్ మొత్తం దాదాపు 120 కిలోవాట్లు లాగుతుంది. బీరువా అంత జాగాలో పుట్టే ఆ వేడిని తీయాలంటే 23 దాకా ఒకటిన్నర టన్ను ఏసీలు కావాలి.

గాలితోనే తీద్దామంటే సెకనుకు 8 ఘనపు మీటర్లకు పైగా గాలిని ఆ ర్యాక్ గుండా తోయాలి. అంత గాలి తోయడానికి ఫ్యాన్లకే బోలెడు కరెంటు పోతుంది. నీళ్లయితే 10 డిగ్రీలు వేడెక్కనిస్తే సెకనుకు 3 లీటర్లలోపే సరిపోతాయి. ఒకే పరిమాణంలో తీసుకుంటే గాలి కంటే నీరు సుమారు 3,500 రెట్లు ఎక్కువ వేడిని మోస్తుంది. ర్యాక్ వేడి 20 కిలోవాట్ల లోపు ఉన్నంతవరకు మాత్రం గాలితో హాయిగా నడుస్తుంది.

ఇది కొత్త ప్రయోగమా? మధ్యలో వదిలేస్తే మా పెట్టుబడి ఏమవుతుంది?

కొత్తది కాదు. ఐబీఎం 1980లో తెచ్చిన 3081 మెయిన్‌ఫ్రేమ్ నీళ్లతోనే చల్లబడింది. 1985 నాటి క్రే-2 సూపర్ కంప్యూటర్ బోర్డులను ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచి నడిపారు. తర్వాత తక్కువ వేడి పుట్టించే చిప్‌లు రావడంతో గాలి సరిపోయింది. ఇప్పుడు మళ్లీ వేడి పెరిగింది, నీళ్లు తిరిగొచ్చాయి.

మా ఆసుపత్రిలో రెండు ర్యాకులున్నాయి. మాకూ పెట్టించుకోమని ఒకాయన వెంటపడుతున్నాడు. అవసరమా?

అవసరం లేదు. బిల్లింగ్, ఎక్స్‌రే ఫైళ్లు, సీసీ కెమెరాలు నడిపే ర్యాక్ సాధారణంగా 3 నుంచి 5 కిలోవాట్ల లోపే ఉంటుంది. టన్ను ఏసీ మూడున్నర కిలోవాట్ల వేడిని తీస్తుంది. అంటే ఒక్కో 5 కిలోవాట్ల ర్యాక్‌కు ఒకటిన్నర టన్ను చొప్పున పెట్టి, దానికి తోడు అంతే సైజులో ఇంకొకటి స్పేర్‌గా ఉంచి వారం మార్చి వారం నడపండి. ర్యాక్ ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనక నుంచి వేడిగాలి బయటికి పోయేలా చూడండి. ఖాళీ స్లాట్లకు మూతలు బిగించండి, ఆ చిన్న పనికే గది పరిస్థితి మారుతుంది. సర్వర్‌లోకి పోయే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలు. 16కి తిప్పి గదిని వణికించడం వల్ల బిల్లు తప్ప ఏమీ పెరగదు. ఆ డబ్బుతో మంచి యూపీఎస్ బ్యాటరీలు కొనుక్కోండి.

## ఏ పద్ధతి ఎంచుకోవాలి

పాత సర్వర్ హాలును పగలగొట్టకుండా పెట్టుకునేది ఏదైనా ఉందా?

ఉంది, రియర్ డోర్. ర్యాక్ వెనక తలుపు స్థానంలో కారు రేడియేటర్ లాంటి తలుపు బిగిస్తారు. సర్వర్ల నుంచి వచ్చే వేడిగాలి దాని గుండా పోతూ లోపలి నీళ్లకు వేడిని ఇచ్చేస్తుంది. సర్వర్ల జోలికి పోనక్కర్లేదు, వారంటీ గొడవ ఉండదు. మంచి డిజైన్‌తో 30 నుంచి 50 కిలోవాట్ల దాకా లాగొచ్చు. ఒక జాగ్రత్త: మన తీరంలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి నీళ్లు మరీ చల్లగా ఉంటే చల్లటి సోడా సీసాకు పట్టినట్టు పైపులకు చెమట పడుతుంది. గదిలోని గాలి మంచు బిందువు (గాలిలో తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే నీళ్లు కనీసం 2 డిగ్రీలు ఎక్కువ ఉండాలి.

కోల్డ్ ప్లేట్లు పెడితే ఏసీలు మొత్తం తీసేయొచ్చా?

తీసేయలేం. కోల్డ్ ప్లేట్ చిప్‌ల మీదే కూర్చుంటుంది, ర్యాక్ వేడిలో మామూలుగా 70 నుంచి 80 శాతం అది పట్టుకుంటుంది. పవర్ సప్లయ్‌లు, నెట్‌వర్క్ కార్డుల వేడి గాల్లోకే వస్తుంది. 120 కిలోవాట్ల ర్యాక్‌లో 20 శాతం అంటే 24 కిలోవాట్లు, పాత రోజుల్లో నిండు ర్యాక్ కంటే ఎక్కువ. ఈ లెక్క మరిచిపోయి హాలు కట్టి, తర్వాత ఏసీలు చాల్లేదని తలపట్టుకున్నవాళ్లను చూశాను.

సీడీయూ అంటే ఏమిటి? అది లేకుండా నేరుగా టవర్ నీళ్లు పంపకూడదా?

కూలెంట్ డిస్ట్రిబ్యూషన్ యూనిట్‌నే సీడీయూ అంటారు. రెండు నీటి వలయాల మధ్య అది సరిహద్దు. ఒకవైపు భవనం నీళ్లు, అంటే కూలింగ్ టవర్ (కొంత నీటిని ఆవిరి చేసి మిగతాది చల్లబరిచేది) నుంచో చిల్లర్ (ఏసీలా నీళ్లను చల్లబరిచే యంత్రం) నుంచో వచ్చేవి. ఇంకోవైపు సర్వర్లలో తిరిగే శుద్ధమైన నీళ్లు. మధ్యలో పలుచటి స్టీలు పలకల హీట్ ఎక్స్ఛేంజర్ ఉంటుంది. వేడి మాత్రం దాటుతుంది, నీళ్లు కలవవు. టవర్ నీళ్లలో దుమ్ము, పాచి, ఉప్పు ఉంటాయి. వాటిని వెంట్రుకంత కాలువల్లోకి పంపితే పూడిపోవడానికి ఎన్నో రోజులు పట్టదు. భవనంలో నీటి వలయమే లేనివాళ్లకు లిక్విడ్ టు ఎయిర్ సీడీయూ దొరుకుతుంది. అది వేడిని మళ్లీ హాలు గాల్లోకే వదులుతుంది, కాబట్టి ఒకటి రెండు ర్యాకులకే పనికొస్తుంది.

సర్వర్‌ను నూనెలో ముంచుతారంట, నిజమేనా? పాడవదా?

నిజమే, దాన్ని ఇమ్మర్షన్ అంటారు. కరెంటును ప్రవహించనివ్వని ప్రత్యేక ద్రవంతో నింపిన తొట్టిలో సర్వర్లను నిలువుగా దించుతారు. ఫ్యాన్లు పీకేస్తారు కాబట్టి హాలు నిశ్శబ్దంగా ఉంటుంది. వేడి దాదాపు మొత్తం ద్రవంలోకే పోతుంది. దుమ్ము, ఉప్పు గాలి సర్వర్‌ను తాకవు. తీర ప్రాంతానికి ఇది నిజంగా మేలు.

కష్టం రిపేరు రోజున తెలుస్తుంది. మెమరీ కార్డు మార్చాలన్నా చిన్న క్రేన్‌తో సర్వర్‌ను పైకి లేపి, నూనె కారిపోయేదాకా తొట్టి మీదే ఆపాలి. ఆవకాయ జాడీలోంచి ముక్క తీసినట్టు చేతులకు, నేలకు, పనిముట్లకు జిడ్డు అంటుతుంది. మామూలు పీవీసీ తీగల తొడుగులోని మెత్తదనం నూనెలోకి దిగి తీగ పెళుసుబారుతుంది. నీళ్లకు బాగా పనికొచ్చే ఈపీడీఎమ్ రబ్బరు ఈ నూనెల్లో ఉబ్బిపోతుంది. గాలి రంధ్రం ఉండే పాత రకం హార్డ్ డిస్కులు పనికిరావు, సీలు చేసిన హీలియం డిస్కులో ఎస్‌ఎస్‌డీలో కావాలి. నిండు తొట్టి బరువు టన్ను దాటుతుంది కాబట్టి పై అంతస్తు అయితే స్లాబ్ లెక్క చూపించుకోండి. సర్వర్ కంపెనీ వారంటీ ఇస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి.

నా మట్టుకు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కోల్డ్ ప్లేట్ మేలు. దానికి విడిభాగాలు, పనివాళ్లు త్వరగా దొరుకుతారు.

ద్రవం మరిగి ఆవిరయ్యే టూ-ఫేజ్ పద్ధతి ఇంకా మంచిదంటారు కదా?

వేడి తీయడంలో అది గొప్పదే. 50, 60 డిగ్రీల దగ్గరే మరిగే ద్రవం చిప్ మీద బుడగలు కట్టి ఆవిరై, పైన చల్లటి కాయిల్‌కు తగిలి మళ్లీ కిందికి జారుతుంది. సమస్య ఆ ద్రవంతోనే. వాడేవి ఎక్కువగా ఫ్లోరిన్ రసాయనాలు, పర్యావరణంలో తేలిగ్గా నశించవు. ప్రధాన తయారీదారు 3ఎమ్ ఈ రకం రసాయనాల తయారీని 2025 చివరికి ఆపేస్తామని 2022 డిసెంబర్‌లోనే ప్రకటించింది. పదేళ్లు నడవాల్సిన హాలుకు ద్రవం ఎక్కడి నుంచి వస్తుందో తేలనిదే దీనిలోకి దిగొద్దు.

## మన ఎండ, మన నీళ్లు, ఉప్పు గాలి

రోహిణి కార్తెలో 44 డిగ్రీలు కాసే చోట నీళ్లు మాత్రం ఎలా చల్లబడతాయి?

నీళ్లు చల్లగా ఉండాలన్న నియమమే లేదు, అసలు కిటుకు అదే. చిప్ లోపల 80 డిగ్రీలున్నా నడుస్తుంది. అందుకే 40, 45 డిగ్రీల నీళ్లతో పనిచేసే సర్వర్లు వచ్చాయి. కూలింగ్ ప్రమాణాలు రాసే ఆష్రే సంస్థ వీటిని డబ్ల్యూ40, డబ్ల్యూ45 తరగతులుగా విభజించింది, ఆ అంకె లోపలికి పంపే నీళ్ల గరిష్ఠ డిగ్రీలు. కొనేటప్పుడు ఈ తరగతి ఏదని తప్పక అడగండి.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. డ్రై కూలర్ అంటే పెద్ద రేడియేటర్, బయటి గాలి కంటే 5, 6 డిగ్రీలు ఎక్కువ వేడిగా నీళ్లనిస్తుంది. ఉక్కపోసే రోజు బయట 36 ఉంటే నీళ్లు 42, డబ్ల్యూ45 సర్వర్‌కు చాలు. 44 కాసే మధ్యాహ్నం మాత్రం 50 అవుతుంది, చాలదు. కానీ అంత ఎండ కాసేది పడమటి గాలి వీచే రోజునే, ఆ గాలి పొడిగా ఉంటుంది. కూలర్ ముందు తడి ప్యాడ్లు పెడితే 44 డిగ్రీల గాలి 31, 32కి దిగుతుంది, నీళ్లు 38 దగ్గర ఆగుతాయి. ఇంట్లో ఎయిర్ కూలర్ వడగాడ్పు రోజున బాగా పనిచేసి, ఉక్కపోతలో మొరాయించడానికి కారణం ఇదే.

అంటే డబ్ల్యూ45 పరికరాలు కొన్నవాళ్లు నెల్లూరులో కూడా కోల్డ్ ప్లేట్ల వలయం వరకు చిల్లర్ లేకుండా, ఏడాదిలో కొన్ని వారాల మధ్యాహ్నాలు మాత్రమే ప్యాడ్లు తడిపి నడపొచ్చు. మన ఎండకు లిక్విడ్ కూలింగ్ పనికిరాదనే మాట అందుకే నాకు మింగుడు పడదు.

డేటా సెంటర్ వస్తే మా బోర్లు ఎండిపోతాయా?

ఇది అడిగిన ప్రతి రైతుకూ లెక్క చెప్పాల్సిన బాధ్యత కట్టేవాళ్ల మీద ఉంది. సర్వర్ల గొట్టాల్లో తిరిగే నీళ్లు ఒకసారి నింపితే ఏళ్ల తరబడి అవే. నీళ్లు ఖర్చయ్యేది బయట కూలింగ్ టవర్‌లో, ఆవిరి రూపంలో.

ఒక యూనిట్ కరెంటు వేడిని ఆవిరితో వదిలించుకోవాలంటే సుమారు లీటరున్నర నీళ్లు పోతాయి. 10 మెగావాట్ల సెంటర్ రోజుకు 2,40,000 యూనిట్లు వాడుతుంది, అంటే 3,60,000 లీటర్లు. టవర్‌లో ఉప్పు పేరుకోకుండా వదిలేసే నీళ్లు కలిపితే దాదాపు 4,80,000. ఎకరం వరికి ఒక పంటకు 1,200 మిల్లీమీటర్ల నీళ్లనుకుంటే 48 లక్షల లీటర్లు. అంటే ఆ సెంటర్ పది రోజుల్లో ఎకరం వరి నీళ్లు, ఏడాదిలో 36 ఎకరాల వరి నీళ్లు తాగుతుంది. 78 టీఎంసీల సోమశిల పక్కన ఇది చిన్న సంఖ్యే. కనిగిరి, పొదిలి వైపు వేల అడుగుల్లో నీళ్లు వెతికే మెట్ట ఊళ్లో మాత్రం చిన్నది కాదు.

డ్రై కూలర్లు పెడితే ఈ ఖర్చు చాలావరకు పోతుంది, బదులుగా ఫ్యాన్లకు కరెంటు ఎక్కువ అవుతుంది. ఊళ్లో సభ పెట్టినప్పుడు రెండే అడగండి: టవరా, డ్రై కూలరా? నీళ్లు బోరు నుంచా, పట్టణం శుద్ధి చేసిన మురుగునీటి నుంచా?

మా బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి. టవర్‌లో పోయొచ్చా?

శుద్ధి చేయకుండా పోయొద్దు. గిన్నెల అడుగున తెల్లగా గార కట్టే నీళ్లే హీట్ ఎక్స్ఛేంజర్ పలకల మీదా గార కడతాయి. పలుచటి పొర కట్టినా వేడి దాటడం తగ్గిపోతుంది. సాఫ్ట్‌నర్ గానీ ఆర్‌ఓ గానీ పెట్టాలి. ఆర్‌ఓ వదిలేసే ఉప్పునీళ్లు ఎక్కడికి పోతాయో కూడా ముందే తేల్చుకోవాలి, పక్క చేలోకి వదిలితే నేల చవుడు బారుతుంది.

కృష్ణపట్నం దగ్గర సముద్రం ఉంది కదా, ఆ నీళ్లే వాడితే పోలా?

వాడొచ్చు, తేలిక మాత్రం కాదు. ఉప్పునీళ్లకు మామూలు స్టీలు ఆగదు, టైటానియం పలకలు కావాలి. గొట్టాల్లో నత్తలు, ఆల్చిప్పలు పెరిగి దారి మూసేస్తాయి, క్లోరిన్ వేస్తూ ఉండాలి. తీర ప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) అనుమతులు తప్పవు. వేడెక్కిన నీళ్లను వదిలే చోటుకు దగ్గర్లో రొయ్యల హేచరీ నీళ్లు తోడుకుంటుంటే అక్కడి రొయ్య పిల్లలకు ముప్పు. చిన్న సెంటర్‌కు ఈ ఖర్చు గిట్టదు.

ఉప్పు గాలికి అవుట్‌డోర్ యూనిట్లు రెండు మూడేళ్లకే పోతున్నాయి. ఈ కూలర్లు ఆగుతాయా?

రాగి గొట్టం, అల్యూమినియం రెక్కలున్న మామూలు కాయిల్‌ను తీరం పక్కన ఉప్పు గాలి తొందరగా తినేస్తుంది. రెక్కను వేళ్ల మధ్య నలిపితే బూడిదలా రాలిపోవడం మైపాడులో మా బంధువుల ఇంట్లో చూశాను. ఎపాక్సీ పూత వేసిన కాయిల్ అడగండి, నెలకోసారి మంచినీళ్లతో కడిగించండి. బోల్టులు 316 స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి.

బయటికి వచ్చే వేడి నీళ్లతో పొగాకు ఆరబెట్టే బ్యారన్లు నడపలేమా?

మంచి ఆలోచన, కానీ వేడి చాలదు. తిరిగొచ్చే నీళ్లు 45, 50 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆకు పసుపెక్కే మొదటి దశకు అది సరిపోతుంది, ఈనె ఆరే చివరి దశకు 70 దాటాలి. పైగా బ్యారన్ పక్కనే సెంటర్ ఉండాలి.

## బిగించేటప్పుడు

పైపులకు జీఐ వాడితే చవక కదా?

సర్వర్ల వలయంలో జీఐ వద్దు, మామూలు ఇనుము వద్దు. రాగి కోల్డ్ ప్లేట్లున్న వలయంలో అల్యూమినియం భాగం ఒక్కటి కలిసినా అది తినేసుకుపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పైపు, ఈపీడీఎమ్ గొట్టాలు, ఆర్గాన్‌తో టిగ్ వెల్డింగ్. ఇక్కడ మిగిల్చిన డబ్బు తర్వాత పదింతలై పోతుంది.

ఫ్లషింగ్‌కి, అంటే కొత్త పైపుల్లో నీళ్లు తిప్పి లోపలి చెత్త కడగడానికి, వారం అడుగుతున్నారు. అంత అవసరమా?

అవసరం. నేను పనిచేసిన ఒక చోట ప్రారంభోత్సవం తేదీ దగ్గర పడిందని ఫ్లషింగ్ రెండు రోజుల్లో ముగించారు. వారం తిరక్కుండానే నీటి ప్రవాహం పడిపోయింది. ఫిల్టర్ విప్పి అరచేతిలో దులిపితే ఆవగింజలంత నల్లటి వెల్డింగ్ రేణువులు, తెల్లటి టెఫ్లాన్ టేపు పోగులు పడ్డాయి. ఫిల్టర్ దాటిపోయినవి కోల్డ్ ప్లేట్లలో ఇరుక్కున్నాయి. వాటిని విప్పడానికి నెల పట్టింది, ఆ నెలంతా టెన్షనే. సర్వర్లు తగిలించకముందే వలయాన్ని బైపాస్ గొట్టాలతో కలిపి, ఫిల్టర్ శుభ్రంగా వచ్చేదాకా తిప్పాలి. సర్వర్ల వైపు 50 మైక్రాన్లు గానీ అంతకంటే సన్నటివి గానీ ఫిల్టర్లు ఉండాలి.

తుపానుకు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు వీధులు ఎలా మునిగాయో అందరికీ గుర్తే. పంపులు, సీడీయూలు, డీజిల్ జనరేటర్లు నేలమాళిగలో పెట్టొద్దు, ఎత్తైన దిమ్మె మీద పెట్టండి. డాబా మీది కూలర్లను తుపాను గాలి లెక్కతో బిగించండి. రోడ్లు తెగితే ట్యాంకర్ రాదు, కాబట్టి టవర్ వాడేవాళ్లు కొన్ని రోజుల నీళ్లు నిల్వ ఉంచుకోవాలి.

## నడిపేటప్పుడు

లీకైతే సర్వర్ గతి ఏంది?

తడిసిన బోర్డు పోవచ్చు. సర్వర్లలో తిరిగేది మామూలుగా 25 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన నీరు, అది కరెంటును ప్రవహింపజేస్తుంది. అందుకే ప్రతి ర్యాక్ కింద తడిని పసిగట్టే తాడు లాంటి సెన్సర్, ట్రే ఉంటాయి. గొట్టం ఊడదీస్తే రెండు వైపులా దానంతటదే మూసుకునే కప్లింగ్‌లు వాడతారు, సరిగ్గా తీస్తే చుక్క కంటే ఎక్కువ రాలదు. నేను చూసిన లీకులు ఎక్కువగా కప్లింగ్ లోపలి రబ్బరు రింగు అరగడం వల్ల, గొట్టం మెలిక పడడం వల్ల వచ్చినవే. కప్లింగ్ విప్పిన ప్రతిసారీ ఆ రింగును వేలితో తడిమి చూడండి.

కరెంటు పోతే ఎంతసేపు ఆగుతుంది?

గాలితో నడిచే మామూలు హాలులో కొన్ని నిమిషాల వెసులుబాటు ఉంటుంది. కోల్డ్ ప్లేట్ ర్యాక్‌లో పంపు ఆగితే లెక్క సెకన్లలోనే, చిప్‌లు తమంతట తామే వేగం తగ్గించుకుని ఆపైన ఆగిపోతాయి. జనరేటర్ అందుకునేలోపు పంపులు ఆగకూడదు కాబట్టి వాటిని కూడా యూపీఎస్ మీదే పెట్టాలి. ఒక పంపు నడుస్తుంటే రెండోది సిద్ధంగా ఉండాలి. నెలకోసారి నిజంగానే మార్చి చూడండి.

లోపలి నీళ్లు ఎన్నాళ్లకు మార్చాల?

తేదీ చూసి కాదు, పరీక్ష చూసి మార్చాలి. మూడు నెలలకోసారి సీసాలో పట్టి పీహెచ్, కండక్టివిటీ, తుప్పు ఆపే మందు మోతాదు, బ్యాక్టీరియా చూపించండి. సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నీళ్లు తేటగా ఉండాలి. మబ్బుగా ఉన్నా, జిగురు పోగులు తేలుతున్నా లోపల పాచి మొదలైనట్టే. నీళ్లు తగ్గాయని కుళాయి నీళ్లు కలపడం ఘోరమైన తప్పు.

కరెంటు బిల్లు ఎంత తగ్గుతుంది?

పీయూఈ అనే కొలత ఉంది. మొత్తం కరెంటును సర్వర్ల కరెంటుతో భాగిస్తే వచ్చేది. అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ 2024 సర్వేలో సగటు 1.56, అంటే సర్వర్లకు 100 యూనిట్లయితే మిగతా ఏర్పాట్లకు 56. చిల్లర్ లేకుండా వెచ్చటి నీళ్లతో నడిపితే ఆ 56లో పెద్ద ముక్క పోతుంది. పీయూఈలో కనిపించని లాభం ఇంకొకటుంది. సర్వర్ లోపలి ఫ్యాన్ల కరెంటు కూడా సర్వర్ ఖాతాలోకే వెళ్తుంది, అవి తగ్గినా పీయూఈ మెరుగుపడినట్టు కనబడదు. అందుకే మొత్తం మీటర్ రీడింగ్‌నే పోల్చి చూడండి.

మావాడు ఐటీఐ చదివి ఏసీ పని చేస్తున్నాడు. ఈ లైన్‌లో వాడికి పని దొరుకుతుందా?

దొరుకుతుంది, మంచి పని దొరుకుతుంది. ఈ హాళ్లలో కోడింగ్ తెలిసినవాళ్లతో సమానంగా పైపు పని తెలిసినవాళ్లు కావాలి. ఏసీ పని వచ్చినవాడికి వేడి, పీడనం, పంపు ఇప్పటికే తెలుసు. పైన నేర్చుకోవాల్సినవి స్టెయిన్‌లెస్ పైపుకు టిగ్ వెల్డింగ్, ప్రెషర్ టెస్ట్, ఫ్లషింగ్, నీటి పరీక్ష, డ్రాయింగ్ చదవడం. ముందు టిగ్ వెల్డింగ్ నేర్పించండి. చెన్నైలో మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు మొదటి రోజు ఇచ్చే పరీక్ష కూడా అదే: రెండు అంగుళాల స్టీలు పైపు ముక్కలు రెండు అతికించి ఇవ్వమంటాం, తర్వాత పైపును నిలువునా కోసి లోపలి అతుకు చూస్తాం.